ఆగస్టులో కెన్యా–టాంజానియా సఫారీ: టీకాలు, బ్యాగు, సరిహద్దు, కెమెరా... ఏది ముందు మొదలుపెట్టాలి?

సవన్నా_బాట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారంలో కుటుంబంతో సఫారీకి వెళ్లాలని ఉంది. నైరోబీలో దిగి కెన్యాలోని మసాయి మారా, అక్కడి నుంచి టాంజానియాలోని సెరెంగెటి, చివరికి అగ్నిపర్వత బిలమైన ఎన్‌గోరోంగోరో చూసుకుని కిలిమంజారో విమానాశ్రయం నుంచి ఇండియాకు తిరుగు ప్రయాణం. మొత్తం తొమ్మిది రోజులు. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, 64 ఏళ్ల నాన్నగారు. నాన్నగారు బీపీ మందులతో పాటు రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటారు.

ఇంకా ఏదీ బుక్ చేయలేదు. ఎల్లో ఫీవర్ టీకా అందరికీ తప్పనిసరా? మలేరియా మాత్రల్లో ఏది మేలు? మారా నుంచి సెరెంగెటి మ్యాపులో పక్కపక్కనే ఉన్నాయి కదా, జీపులోనే దాటించేస్తారా? బ్యాగులు, బట్టలు, బైనాక్యులర్లు, కెమెరా సంగతి కూడా తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పటం_దిక్సూచి

ముందు రూటు తేల్చుకోండి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మారా, సెరెంగెటి ఒకే మైదానం. మధ్యలో కంచె కూడా లేదు, జంతువులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. మనుషులకు మాత్రం ఆ దారి లేదు. శాండ్ రివర్ దగ్గరున్న గేటు నుంచి పర్యాటకులను దాటనివ్వరు. రోడ్డున వెళ్లాలంటే పడమటికి చుట్టు తిరిగి ఇసెబానియా–సిరారి సరిహద్దుకు చేరాలి. కెన్యా సఫారీ బండి టాంజానియా పార్కుల్లోకి రాదు కాబట్టి అక్కడ బండి, గైడు ఇద్దరూ మారతారు. క్యాంపు నుంచి క్యాంపుకు దాదాపు పగలంతా పోతుంది. రెండో దారి, మారా నుంచి మిగోరికి చిన్న విమానం, సరిహద్దు వరకు కారు, దాటాక తారిమె నుంచి సెరెంగెటికి ఇంకో చిన్న విమానం. ఇది కూడా అర పూట పైనే.

ఆగస్టులో మీరు వెళ్లేది జింక జాతికి చెందిన వైల్డ్‌బీస్టు మందలు మారా నది దాటడం చూడటానికే అయితే, అదే నది ఉత్తర సెరెంగెటిలోని కొగాటెండె ప్రాంతం నుంచి కూడా పారుతుంది. ఆ నెలలో మందలు రెండు వైపులా ఉంటాయి. కాబట్టి నేరుగా కిలిమంజారోలో దిగి, ఎన్‌గోరోంగోరో, మధ్య సెరెంగెటి, కొగాటెండె చూసుకుని వెనక్కి వచ్చేస్తే సరిహద్దు గొడవే లేదు. ఏడేళ్ల పాప, పెద్దాయన ఉన్నారు కాబట్టి తొమ్మిది రోజులకు నా ఓటు ఒకే దేశానికి. నది దాటడం ఫలానా రోజున జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. మందలు ఒడ్డుదాకా వచ్చి గంటల తరబడి నిలబడి వెనక్కి పోవడం మామూలే. అందుకే ఆ ప్రాంతంలో కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక్క రాత్రి పెట్టుకుంటే నది చూసి వచ్చేయడమే అవుతుంది.

మారానే కావాలంటే ఖర్చు సంగతి: 2024 జూలై నుంచి విదేశీయులకు రిజర్వు టికెట్టు పెద్దవాళ్లకు జూలై–డిసెంబరు మధ్య రోజుకు 200 డాలర్లు, జనవరి–జూన్ మధ్య 100. అది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. ప్యాకేజీ ధర చెప్పేవాళ్లను "పార్కు రుసుములు కలిపా, విడిగానా? ఎన్ని రోజుల టికెట్లు?" అని రాతపూర్వకంగా అడగండి. చవకగా కనిపించే ప్యాకేజీల్లో తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

కాగితాలు: కెన్యా 2024 జనవరిలో వీసా తీసేసి ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పెట్టింది. పాపతో సహా ఒక్కొక్కరికీ విడిగా తీసుకోవాలి. టాంజానియాకు ఈ-వీసా వేరే. ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా అని ఒకటి ఉంది కానీ అది కెన్యా, ఉగాండా, రువాండాలకే, టాంజానియాకు పనికిరాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. దరఖాస్తు ఆ ప్రభుత్వాల అధికారిక సైట్లలోనే చేయండి, వెతికితే పైన కనిపించే వాటిలో అచ్చం అలాగే ఉండి అదనంగా డబ్బు గుంజేవి ఉంటాయి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, ఖాళీ పేజీలు ఉండాలి.

మందుల_పెట్టె

సవన్నా_బాట గారూ, ఆరోగ్యం సంగతి నేను చెప్తాను. మీ నాన్నగారి విషయం తొందరగా తేల్చాలి, దాన్ని చివరికి వదలకండి.

ఎల్లో ఫీవర్: కెన్యా ఈ జబ్బు ముప్పున్న దేశాల జాబితాలో ఉంది. కెన్యా నుంచి టాంజానియాలోకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ అడుగుతారు. ఇండియా ఇంకా కఠినం. ముప్పున్న దేశం నుంచి సర్టిఫికెట్ లేకుండా వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. టీకా ఒక్క డోసే. వేయించుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. అవి కొన్ని రోజుల్లోనే వేస్తాయి, ముందే సమయం తీసుకోవాలి. పాస్‌పోర్టు తీసుకెళ్లండి. కార్డు చేతికి ఇవ్వగానే అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, సంతకం, కేంద్రం ముద్ర ఐదూ సరిచూసుకోండి. ముద్ర సరిగ్గా పడని కార్డుతో విమానాశ్రయంలో వాదించి లాభం లేదు.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటినవాళ్లకు మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు తక్కువే అయినా, చిన్నవాళ్ల కంటే ఎక్కువ. గుడ్డుకు తీవ్రమైన అలర్జీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు, థైమస్ గ్రంథి జబ్బు ఉంటే వేయకూడదు. నాన్నగారు ముందు తన డాక్టరును కలవాలి. రక్తం పలచబడే మాత్ర సంగతి టీకా వేసేవారికి కూడా చెప్పాలి, సూది గుచ్చిన చోట ఎక్కువసేపు ఒత్తిపట్టుకోవాల్సి వస్తుంది. వద్దన్నారనుకోండి, మినహాయింపు పత్రాన్ని తిరిగొచ్చాక ఎలా చూస్తారో ముందే కనుక్కోవాలి. ఈ లెక్కన కూడా కెన్యా పక్కన పెట్టి టాంజానియాకే పరిమితమైతే నాన్నగారికి సులువు కావచ్చు. అయితే నైరోబీలో విమానం మారే టికెట్టు కొంటే ఆ వెసులుబాటు పోవచ్చు. విమాన టికెట్టు కొనేముందే నిబంధనలు చూసుకోండి.

పాపకు ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు ఏమైనా బాకీ ఉంటే, ఎల్లో ఫీవర్‌తో అదే రోజు వేయించాలి, లేదా నాలుగు వారాల ఎడం ఇవ్వాలి. ఈ ఒక్క కారణానికే ప్రయాణానికి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టమంటాను. హెపటైటిస్ ఏ, టైఫాయిడ్, ధనుర్వాతం బూస్టర్ కూడా అప్పుడే అడగండి.

మలేరియా: తూర్పు ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారమ్ రకం, క్లోరోక్విన్‌కు లొంగదు. వాడేవి మూడు.

అటోవాక్వోన్–ప్రోగ్వానిల్: వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజుకొకటి, వచ్చాక ఏడు రోజులు. మీ తొమ్మిది రోజులకు పెద్దవాళ్లకు 18 మాత్రలు. అన్నంతోనో పాలతోనో వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. పాపకు బరువును బట్టి పిల్లల మాత్రలు ఉంటాయి: 11–20 కిలోలకు ఒకటి, 21–30కి రెండు.

డాక్సీసైక్లిన్: చవక, కానీ వచ్చాక నాలుగు వారాలు వాడాలి. ఎండకు చర్మం కమిలిపోతుంది, పైకప్పు తెరిచిన జీపులో అది తేలిక విషయం కాదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. మీ పాపకు కుదరదు.

మెఫ్లోక్విన్: వారానికొకటి, కనీసం రెండు వారాల ముందే మొదలు. మానసిక సమస్యలు, మూర్ఛ చరిత్ర ఉంటే వద్దు.

నాన్నగారి మాత్ర వార్ఫరిన్ అయితే ప్రోగ్వానిల్ దాని ప్రభావాన్ని పెంచవచ్చు, డాక్సీసైక్లిన్‌తోనూ అదే సమస్య. వెళ్లేముందే మలేరియా మాత్ర మొదలుపెట్టి, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ చూడాలా అని డాక్టరును అడగండి. మాత్రలు వేసుకున్నా మలేరియా అసలు రాదని కాదు. తిరిగొచ్చాక మూడు నెలల్లోపు జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించి, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి. కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగానూ బయటపడుతుంది.

బీమాలో 'వైద్య తరలింపు' అనే మాట ఉందా లేదా చూడండి. మైదానం మధ్యలో గుండె నొప్పి వస్తే చిన్న విమానంలో నైరోబీకి తీసుకెళ్లాలి. అది లేని బీమా ఇక్కడ సగం బీమానే. ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో కూడా అడగండి, బీపీ దాచిపెట్టి పాలసీ తీసుకోకండి.

సవన్నా_బాట

చాలా ధన్యవాదాలు. నాన్నగారిని ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఒక్క దేశం మాట ఇంట్లో అందరికీ నచ్చింది, టాంజానియాకే మొగ్గు. మరి బ్యాగులు, బట్టలు? ఆఫ్రికా కదా, ఎండకు తగ్గ పలచటి బట్టలు చాలనుకున్నాం.

సంచి_15కిలోలు

పలచటివి మాత్రమే తెస్తే వణికిపోతారు. ఆగస్టు అక్కడ చలికాలం. ఎన్‌గోరోంగోరో అంచు దాదాపు 2,300 మీటర్ల ఎత్తు, బిలం అడుగు దానికి 600 మీటర్ల కింద. లాడ్జీలు చాలావరకు అంచు మీదే. తెల్లవారుజామున పొగమంచులో పది డిగ్రీలలోపే ఉంటుంది, దానికి తోడు కదిలే జీపులో గాలి. అదే రోజు మధ్యాహ్నం సెరెంగెటిలో చొక్కా ఒక్కటే చాలు. అందుకే ఒక మందపాటి కోటు తేవద్దు, పొరలు తెండి: లోపల టీషర్టు, పైన పొడుగు చేతుల చొక్కా, ఫ్లీసు, అన్నిటికీ పైన గాలి ఆపే పలచటి జాకెట్టు. పాపకూ నాన్నగారికీ ఉన్ని టోపీ, చేతి తొడుగులు. ఎండ టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, పైకప్పు తెరిచాక తాడు లేని టోపీ నిలవదు.

మనిషికి సరిపోయేవి: ప్యాంట్లు మూడు, చొక్కాలు నాలుగు, టీషర్టులు మూడు, ఫ్లీసు ఒకటి, జాకెట్టు ఒకటి, మూసిన బూట్లు ఒక జత, చెప్పులు ఒక జత. చాలా క్యాంపుల్లో బట్టలు ఉతికి ఇస్తారు, కానీ లోదుస్తులు తీసుకోని చోట్లున్నాయి కాబట్టి చిన్న సబ్బు బిళ్ల వేసుకోండి.

రంగులు: ఖాకీ, గోధుమ, పాచి ఆకుపచ్చ. ముదురు నీలం, నలుపు ఇంట్లోనే వదిలేయండి, జీన్స్‌తో సహా. ట్సెట్సీ ఈగ ఆ రెండు రంగులకే ఎగబడుతుంది. అక్కడ చెట్లకు వేలాడే నీలం–నలుపు గుడ్డలు దాన్ని పట్టే ఉచ్చులే. తరంగీరె పార్కులో, సెరెంగెటి చెట్లున్న ప్రాంతాల్లో ఎక్కువ. పలచటి గుడ్డలోంచి కూడా కుడుతుంది, నొప్పి గట్టిగానే ఉంటుంది. దోమల క్రీము దీని మీద అంతగా పనిచేయదు. మందపాటి నేత, లేతరంగు, ఆ చెట్ల మధ్య కిటికీ మూయడం, ఇవే మందు. మిలిటరీ మచ్చల బట్టలు పాపకు కూడా వద్దు.

దోమలకు డీట్ అనే మందు 20–50 శాతం ఉన్న క్రీము, సాయంత్రం నుంచి తెల్లారేదాకా. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక డీట్. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, ఆ చేత్తో కళ్లద్దాలు, వాచీ, కెమెరా పట్టుకోకండి. బట్టలకు 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి పూర్తిగా ఆరాక వేసుకోవచ్చు. ఒంటికి మాత్రం రాయకూడదు.

బ్యాగు: కొగాటెండె నుంచి వెనక్కి చిన్న విమానం ఎక్కితే మనిషికి సాధారణంగా 15 కిలోలే, చేతి సంచి, కెమెరాతో కలిపి. అదీ మెత్తటి డఫెల్ బ్యాగు అయ్యుండాలి. సామాను అరలు ఇరుకు; చక్రాలు, గట్టి చట్రం ఉన్న సూట్‌కేసు ఖాళీదైనా అందులో దూరదు. బరువు మిగిలితే హోటల్లో వదిలి వెళ్దామనుకునేవాళ్లు, తిరిగి అదే ఊరికి వస్తున్నారో లేదో చూసుకోవాలి. మీ పాత రూటులో నైరోబీలో వదిలితే అంతే సంగతులు. ఇప్పుడు రాకపోకలు రెండూ కిలిమంజారో విమానాశ్రయం దగ్గరి అరూషా ఊరి మీదుగానే కాబట్టి పెద్ద సూట్‌కేసు అక్కడ పెట్టేయొచ్చు.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు టాంజానియాలో 2019 జూన్ నుంచి, కెన్యాలో 2017 ఆగస్టు నుంచి నిషేధం. షాపింగ్ కవర్లలో చెప్పులు చుట్టి పెట్టే అలవాటుంటే గుడ్డ సంచులకు మారండి. విమాన భద్రత కోసం ద్రవాలు పెట్టుకునే జిప్ కవరును టాంజానియా అనుమతిస్తుంది, వాడాక అక్కడ పారేయకూడదు.

గింజల_సంచి

కెమెరా, బైనాక్యులర్ల మాట నాది.

బైనాక్యులర్ ఒక్కొక్కరికి ఒకటి. ఇద్దరికి ఒకటైతే చిరుత గడ్డిలోకి దూరాక రెండో మనిషి చేతికొస్తుంది. 8x42 (ఎనిమిది రెట్లు దగ్గర చేసి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) మంచిది, బరువు తగ్గాలంటే 8x32. 10x జీపులో వణుకుతుంది, తెల్లవారుజామున వెలుతురూ తగ్గుతుంది. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుంటే ఐ రిలీఫ్ (కంటికీ అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం) 16 మిల్లీమీటర్లు దాటినది చూసి, కంటి గొట్టాలను తిప్పి లోపలికి దించి వాడమనండి. లేకపోతే గుండ్రటి బొమ్మలో మధ్యభాగమే కనిపిస్తుంది. పాపకు 6x30 లాంటి తేలికది. ఇంటి దగ్గరే మధ్య చక్రం తిప్పి ఫోకస్ చేయడం నేర్పండి.

లెన్సు 100–400 మిల్లీమీటర్ల జూమ్ చాలు. ట్రైపాడ్‌కు జీపులో చోటు లేదు. ఖాళీ బీన్ బ్యాగు తీసుకెళ్లి అక్కడ రెండు కిలోల బియ్యమో చిక్కుడు గింజలో పోయించండి, పైకప్పు అంచు మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. ఇంజను ఆపమని గైడును అడగాలి, ఇంజను నడుస్తుంటే బీన్ బ్యాగు కూడా కాపాడలేదు. షట్టర్ వేగం నడిచే జంతువుకు సెకనులో వెయ్యో వంతు, ఎగిరే పక్షికి రెండువేలో వంతు, ఐఎస్ఓ (వెలుతురును గ్రహించే స్థాయి) ఆటోలో. ఉదయం పది దాటాక నేల వేడెక్కి గాలి అలలు తేలుతుంది. అప్పుడు దూరపు బొమ్మ మసకబారితే లెన్సును తిట్టుకోవద్దు, దగ్గరివి తీయండి.

అసలు శత్రువు దుమ్ము. ఆగస్టులో ఎదురు బండి వెళ్తే రెండు నిమిషాలు ఏమీ కనిపించదు. జీపులో లెన్సు మార్చడం మానేయండి. తప్పదంటే బండి ఆపి, కిటికీలు మూసి, కెమెరా నోరు కిందకి ఉంచి మార్చండి. ప్రయాణంలో కెమెరాను దిండు గలేబులో పెట్టుకోండి, ఒక్క లాగుతో బయటికొస్తుంది. రాత్రి శుభ్రం చేసేటప్పుడు ముందు ఊదే బుడ్డితో దుమ్ము ఎగరగొట్టాలి, తర్వాత మెత్తటి కుంచె, చివర్నే గుడ్డ. చొక్కా కొంగుతో తుడిస్తే ఇసుక రేణువులతో అద్దాన్ని రుద్దినట్టే.

కరెంటు 230 వోల్టులు, సాకెట్లు బ్రిటిష్ పద్ధతి మూడు చదరపు కడ్డీలవి. చాలా క్యాంపులు సోలార్ మీద నడుస్తాయి, హెయిర్ డ్రయర్ పనిచేయదు, రాత్రంతా చార్జింగ్ ఉంటుందన్న నమ్మకం లేదు. బ్యాటరీలు మూడు పెట్టుకోండి. లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ పరిమితి అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. డ్రోను తేవద్దు, అనుమతి లేకపోతే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

మందుల_పెట్టె

దుమ్ము మాట వచ్చింది కాబట్టి: కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కళ్లద్దాలు తప్పక తెచ్చుకోండి. కంట్లో వేసుకునే తడి చుక్కలు, ముక్కుకు కట్టుకునే పలచటి గుడ్డ ఒక్కొక్కరికి. ఉబ్బసం ఉంటే ఇన్హేలర్ పెద్ద బ్యాగులో కాదు, జేబులో. రోజువారీ మందులన్నీ రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో, చీటీతో సహా పెట్టండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది, విరేచనాల మాత్రలు, వాంతుల మాత్రలు.

పటం_దిక్సూచి

నాన్నగారి కోసం రెండు మాటలు. రోజుకు ఆరేడు గంటలు గతుకుల్లో కూర్చోవాలి. వెనక చక్రాల మీద సీటులో కుదుపు ఎక్కువ, ఆయనకు ముందు లేదా మధ్య వరుస ఇప్పించండి. నడుముకు పట్టీ వాడేవారైతే తెచ్చుకోవాలి. మీ నలుగురికే విడిగా బండి అని ఖరారు చేసుకోండి, వేరే కుటుంబంతో కలిపితే పాప అలిసిపోయినప్పుడు వెనక్కి తిరగమనలేరు. మూత్రానికి ఆపమని మొహమాటపడకుండా ముందే చెప్పాలి, గైడు చుట్టూ చూసి సరేనన్నాకే దిగాలి, బండి పక్కనే. నీళ్లు తాగడం తగ్గించి ఊరుకునే పెద్దవాళ్లుంటారు, బీపీ మందుల మీద అది మంచిది కాదు.

చీకటి పడ్డాక డేరా నుంచి భోజనాల చోటుకు కాపలాదారు వెంట వస్తేనే కదలాలి. పాపకు ఇది ముందే చెప్పి ఉంచండి. డేరాలో పళ్లు, బిస్కెట్లు ఉంచకండి. కోతులు, బబూన్లు జిప్పు తెరుస్తాయి, ఏనుగులకు పండు వాసన దూరం నుంచే తెలుస్తుంది. చలిరోజుల్లో దుప్పటి కింద వేడినీళ్ల సంచి పెడతారు, పాప కాలికి తగిలి ఉలిక్కిపడకుండా ముందే చూపించండి.

ఎన్‌గోరోంగోరో అడుగున మధ్యాహ్న భోజనం కొలను పక్కన ఇస్తారు. అక్కడ గద్దలు తలమీదుగా దూసుకొచ్చి చేతిలో ముద్ద తన్నుకుపోతాయి, గోళ్లు గీరుకుంటాయి. పాపకు మాత్రం బండిలోనే పెట్టండి.

డాలర్లు 2009 తర్వాత అచ్చయినవి, చిరుగు, మరక లేనివి తీసుకోండి, పాతవి చాలాచోట్ల తిప్పి కొడతారు. మార్చేటప్పుడు 50, 100 నోట్లకు మంచి రేటు వస్తుంది, చిల్లర నోట్లకు తగ్గుతుంది. గైడుకు, క్యాంపు సిబ్బందికి ఇచ్చే బక్షీసు విడివిడి కవర్లలో ముందే సర్దుకోండి. క్యాంపుల్లో సాధారణంగా అందరికీ కలిపి ఒక పెట్టె ఉంటుంది, గైడుది మాత్రం చివరి రోజు నేరుగా చేతికివ్వాలి.